స్పెయిన్ భోజనం: ఏ ఊళ్ళో, ఏ వేళకి, ఏం తినాలి

అందరికీ నమస్కారం. వెనక వరుసవాళ్ళకి వినబడుతోందా? సరే. ముందు ఒక్క మాట చెప్తాను. మిగతాదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. స్పెయిన్ వంట అని ఒకటి లేదు. వలెన్సియా వంట ఉంది, గలీసియా వంట ఉంది, అందలూసియా వంట ఉంది, కతలోనియా వంట ఉంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు కోసం శ్రీకాకుళం వెళ్తామా? వెళ్ళం. సీమకే వెళ్తాం. అక్కడా అంతే. ప్రతి వంటకానికీ ఒక ఊరుంది, ఒక వేళ ఉంది. ఊరూ వేళా తప్పితే పేరు అదే ఉంటుంది, రుచి మాత్రం ఉండదు.

వేళ అన్నాను కదా, అది ముందు చెప్పేస్తాను. స్పెయిన్‌లో మధ్యాహ్నం భోజనం 2 గంటలకి మొదలవుతుంది, మూడున్నర దాకా సాగుతుంది. రాత్రి భోజనం 9 దాటాకే. సాయంత్రం నాలుగింటికీ ఎనిమిదింటికీ మధ్య చాలా హోటళ్ళలో వంటగది మూసేస్తారు. 12 గంటలకి ఆకలేసి బయల్దేరితే మీకు దొరికేది పర్యాటకుల కోసం తెరిచిపెట్టిన హోటలే. పనిరోజుల్లో మధ్యాహ్నం ‘మెను దెల్ దియా’ అని అడగండి. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపి, అన్నీ కలిపి ఒకే ధర. ఊళ్ళోవాళ్ళు తినేది అదే.

ఇంకోటి, కారం. స్పెయిన్ వంటలో మన లెక్కన కారం లేదు. లేదంటే లేదు. మొదటి ముద్దకే ‘చప్పగా ఉంది’ అని తీర్పు చెప్పేస్తాం మనం. కాస్త ఆగండి. అక్కడ రుచి ఆలివ్ నూనెలో ఉంటుంది, ఉప్పులో ఉంటుంది, పండిన టమాటాలో ఉంటుంది, మంట ఎంత పెట్టారన్నదాంట్లో ఉంటుంది. నాలుక దానికి అలవాటు పడడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఇవ్వండి.

ఇప్పుడు పయేయా. పలకడం పయేయా అనే, పెల్లా కాదు, పాయెల్లా కాదు. పయేయా అంటే ఏంటి? అన్నం అనుకుంటాం. కాదు, అది మూకుడు పేరు. వలెన్సియా భాషలో పయేయా అంటే వెడల్పాటి, లోతులేని, రెండు చెవులున్న ఇనప మూకుడు. మూకుడు పేరే వంటకానికి వచ్చింది. ఈ సంగతి పట్టుకుంటే సగం వంట అర్థమైనట్టే. ఎందుకంటే ఆ వంటలో ప్రతిదీ మూకుడు ఆకారం మీదే ఆధారపడి ఉంది.

వలెన్సియా నగరానికి దక్షిణంగా అల్బుఫెరా అనే సరస్సు ఉంది. దాని చుట్టూ వరి పొలాలు. అల్బుఫెరా అన్నది అరబ్బీ మాట, చిన్న సముద్రం అని అర్థం. బియ్యానికి స్పానిష్‌లో అర్రోస్ అంటారు, అదీ అరబ్బీ నుంచే. కుంకుమపువ్వుకి అసఫ్రాన్, నూనెకి అసేయితే, ఇవీ అరబ్బీ నుంచే. అక్కడ వరి సాగు నిలబడింది అరబ్బుల కాలంలో. ఆ పొలాల్లో పనిచేసే రైతులు మధ్యాహ్నం పూట పొలంలోనే, కట్టెల మీద వండుకున్న అన్నం ఇది. పొలంలో ఏముంటాయి? కోడి, కుందేలు, చిక్కుళ్ళు, నత్తలు. రొయ్యలుండవు కదా! అందుకే అసలు వలెన్సియా పయేయాలో రొయ్యలు లేవు. సముద్రపు ఒడ్డున చేపలూ రొయ్యలూ వేసి చేసేది వేరే పయేయా, అదీ మంచిదే. కోడీ రొయ్యలూ అన్నీ కలిపేసింది మాత్రం పర్యాటకుల కోసం పుట్టింది. ఇక చొరీసో అనే సాసేజ్ వేస్తే వలెన్సియావాళ్ళు నిజంగా బాధపడతారు.

రాసుకునేవాళ్ళు రాసుకోండి. నలుగురికి లెక్క చెప్తున్నాను. మూకుడు 40 సెంటీమీటర్ల వెడల్పు. బియ్యం 400 గ్రాములు, మనిషికి 100. కోడి అరకిలో, కుందేలు దొరికితే 400 గ్రాములు, లేకపోతే మొత్తం కోడే. వెడల్పు చిక్కుడుకాయలు 200 గ్రాములు. గర్రొఫో అని పెద్ద తెల్లటి గింజలుంటాయి, అవి ఓ 100 గ్రాములు. తురిమిన టమాటా ఒకటి పెద్దది. ఆలివ్ నూనె 80 మిల్లీలీటర్లు. పిమెంతోన్, అంటే వాళ్ళ ఎర్ర మిరపపొడి, ఒక చెంచా. కుంకుమపువ్వు ఒక చిటికెడు. ఉప్పు. అయిపోయింది. గమనించారా, ఉల్లిపాయ లేదు. ఉల్లిపాయ వేస్తే నీరు వదిలి అన్నం మెత్తబడుతుందని వేయరు.

ముందు మూకుడు సమంగా కూర్చుందో లేదో చూడాలి. మధ్యలో కాస్త నూనె పోసి చూడండి, ఒక పక్కకి పారితే పొయ్యి వంకరగా ఉన్నట్టు. సరిచేసుకోకపోతే ఒక వైపు అన్నం మాడుతుంది, ఇంకో వైపు ముద్దవుతుంది. తర్వాత నూనెలో మాంసం ముక్కలు. తొందరపడకూడదు, 20 నిమిషాలు, బాగా ఎర్రబడేదాకా. ఈ వంటకి విడిగా మసాలా లేదు, ఆ ఎర్రబడడమే మసాలా. ఇక్కడ 5 నిమిషాలు మిగుల్చుకుంటే చివర్లో అన్నం వెలవెలబోతుంది. తర్వాత చిక్కుళ్ళు. తర్వాత మధ్యలో చోటు చేసి టమాటా, నీరు ఇగిరి ముదురు రంగు వచ్చేదాకా. అప్పుడు పిమెంతోన్. పొడి పడ్డాక నాలుగైదు సెకన్లు, అంతే, వెంటనే నీళ్ళు పోసేయాలి. నూనెలో మన కారం మాడితే ఎంత చేదో తెలుసు కదా, ఇదీ అంతే. ఈ ఒక్క క్షణంలో పాడైన పయేయాలు బోలెడు.

నీళ్ళకి కొలత ఎక్కడుంది? మూకుడులోనే ఉంది. చెవులు బిగించిన రివెట్లు లోపలి వైపు కనబడతాయి. ఆ రివెట్లు మునిగేదాకా నీళ్ళు పోసి, గర్రొఫో వేసి, అరగంట మరిగిస్తారు. రసం దిగుతుంది, నీళ్ళు తగ్గుతాయి. ఉప్పు ఇప్పుడే చూడాలి. రుచి చూస్తే కాస్త ఎక్కువనిపించాలి, ఎందుకంటే బియ్యం లాగేస్తుంది. కుంకుమపువ్వూ ఇప్పుడే. తర్వాత బియ్యం. ఈ చివర నుంచి ఆ చివరకి పొలం గట్టు లాగా ఒక వరుసలో పోస్తారు. ఆ వరుసని వాళ్ళు అనేదీ కబయోన్ అని, పొలంలో గట్టు అనే అర్థం. గట్టు రసం పైకి వేలు మందం కనబడితే పాళ్ళు కుదిరినట్టు. కొలతగా చెప్పమంటే, బొంబా రకం బియ్యం 400 గ్రాములకి అప్పటికి మూకుడులో సుమారు లీటరుంపావు రసం ఉండాలి.

బియ్యాన్ని ఒక్కసారి సమంగా పరిచి, గరిటె పక్కన పెట్టేయండి. మళ్ళీ చెప్తున్నాను, గరిటె పక్కన పెట్టేయండి. ఇక కలపకూడదు. కలిపితే గింజ మీది పిండి రసంలోకి దిగి అన్నం జావలా జిగురవుతుంది. ఇటలీవాళ్ళ రిసోట్టోకి అదే కావాలి, దీనికి అది పనికిరాదు. బియ్యం కడగరు కూడా. మొదటి 8 నిమిషాలు పెద్ద మంట, తర్వాత 10 నిమిషాలు చిన్న మంట. మొత్తం 18 నిమిషాలు. మూత పెట్టరు, దమ్ము ఉండదు. దించాక 5 నిమిషాలు ఆగాలి.

చివరి ఒకటిన్నర నిమిషంలో ఇంకో పని ఉంది. నీరు ఇంకిపోయాక మంట కాస్త పెంచుతారు. అప్పుడు చెవి పెట్టి వినాలి. అప్పటిదాకా కుతకుత అంటున్నది చిటపట మొదలవుతుంది. నీళ్ళు అయిపోయి, అడుగున నూనెలో అన్నం వేగుతోందన్నమాట. దోరగా వేగిన వాసన వస్తుంది. ఆ వాసన చేదువైపు తిరగకముందే దించేయాలి. అడుగున కరకరలాడే ఆ పొరని సోకర్రాత్ అంటారు. మనకి తెలిసిన మాటలో చెప్పాలంటే మాడు. గిన్నె అడుగున మాడు కోసం పిల్లలు పోటీ పడతారు కదా, అక్కడా దానికే పోటీ. తేడా ఒక్కటే, ఇది బంగారు రంగులో ఉండాలి, నల్లగా ఉండకూడదు.

ఇప్పుడు మూకుడు ఎందుకంత వెడల్పో తెలిసిందా? అన్నం పొర వేలు మందం మించకూడదు. మందమైతే కింద మాడుతుంది, పైన పలుకుంటుంది. పదిమందికి కావాలంటే లోతైన గిన్నె కాదు, ఇంకా వెడల్పు మూకుడు కావాలి.

బాసుమతితో చేయొచ్చా అని మీలో ఎవరో అడగబోతున్నారు. వద్దు. బాసుమతి పొడవుగా సాగుతుంది, విడివిడిగా ఉంటుంది, బిర్యానీకి అది గుణం. దీనికి కావాల్సింది రసాన్ని పీల్చుకుని కూడా పగలని పొట్టి, గుండ్రటి గింజ. బొంబా, సేనియా, అల్బుఫెరా అనే రకాలు అందుకే. మన పెద్ద నగరాల్లో రిసోట్టోకి వాడే ఆర్బోరియో దొరుకుతుంది, దాంతో చేసుకోవచ్చు, కలపకపోతే చాలు. సోనా మసూరి సన్నం, త్వరగా మెత్తబడిపోతుంది.

హోటల్లో తినేటప్పుడు గుర్తుపెట్టుకోండి. పయేయా మధ్యాహ్నం భోజనం, ముఖ్యంగా ఆదివారం మధ్యాహ్నం. రాత్రి తినేది కాదు. మంచి చోట కనీసం ఇద్దరికి వండుతారు, ఒక్కరికి వండరు. ఆర్డర్ ఇచ్చాక అరగంటకి తక్కువ కాకుండా పడుతుంది. 10 నిమిషాల్లో వచ్చిందంటే అది ముందే వండి వేడిచేసినది. మూకుడు బల్ల మధ్యలో పెడతారు. ఎవరి ముందున్న ముక్క వాళ్ళది, త్రికోణంలా, చెక్క చెంచాతో అంచు నుంచి మధ్యకి తింటూ వెళ్తారు. పక్కవాళ్ళ వైపు చెంచా పెట్టరు.

ఇక ఇంటికొచ్చి మీరు తప్పకుండా చేయగలిగేది ఒకటుంది, తోర్తియా. మెక్సికోవాళ్ళ రొట్టె పేరు కూడా అదే, కానీ దీనికీ దానికీ ఏ సంబంధం లేదు. స్పెయిన్ తోర్తియా అంటే బంగాళాదుంప, కోడిగుడ్డు కలిపిన మందపాటి అట్టు. బంగాళాదుంపలు 700 గ్రాములు, గుడ్లు 6, ఉల్లిపాయ ఒకటి, ఉప్పు, ఆలివ్ నూనె. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది ఆ దేశంలో తెగని వాదం. నన్నడిగితే వేయండి, ఉల్లిపాయ తీపి గుడ్డుకి చాలా బాగుంటుంది.

దుంపల్ని పల్చగా, 3 మిల్లీమీటర్ల మందంలో కోసి, ఉప్పు కలిపి, మునిగేంత నూనెలో వేయాలి. ఇక్కడే మనం తప్పు చేస్తాం. వేపుడు చేసేస్తాం. ఇవి వేగకూడదు, నూనెలో ఉడకాలి. మంట బాగా తగ్గించి, చిన్న చిన్న బుడగలు మాత్రమే వచ్చేలా 20 నుంచి 25 నిమిషాలు. చెంచాతో నొక్కితే ముక్క విరిగిపోవాలి, రంగు మాత్రం మారకూడదు. ముక్క ఎర్రబడి అంచు గట్టిపడిందా, అది గుడ్డుని పీల్చుకోదు, అట్టులో విడిగా మిగిలిపోతుంది. తర్వాత నూనె వడకట్టేయండి, అది మళ్ళీ వాడుకోవచ్చు, పారేయనక్కర్లేదు.

గుడ్లు నురగ వచ్చేలా గిలక్కొట్టొద్దు, పచ్చసొన తెల్లసొన కలిస్తే చాలు. వెచ్చటి దుంపలు అందులో వేసి 10 నిమిషాలు వదిలేయండి. ఆ వేడికి గుడ్డు కాస్త చిక్కబడి దుంపలోకి ఇంకుతుంది. ఈ 10 నిమిషాలు ఆగకపోతే కోసినప్పుడు ముక్కలు జారిపోతాయి. తర్వాత 24 సెంటీమీటర్ల అంటుకోని పెనం, రెండు చెంచాల నూనె, బాగా కాగాక పోసి, 2 నిమిషాలు. ఇప్పుడు తిరగేయడం. అట్లకాడతో కాదు, పళ్ళెంతో. ముందు పెనం ఊపి చూడండి, అట్టు మొత్తం కదలాలి. కదలకపోతే అడుగు అంటుకుంది, అప్పుడు తిరగేస్తే సగం పెనంలోనే ఉండిపోతుంది. పెనం కంటే పెద్ద పళ్ళెం బోర్లించి, అరచేత్తో గట్టిగా అదిమి, ఒక్క ఊపులో తిప్పేయాలి. సగంలో ఆగితే కారుతుంది. సింకు పైన పట్టుకుని చేయండి. మళ్ళీ పెనంలోకి జార్చి, అంచులు లోపలికి నొక్కుతూ గుండ్రం చేసి, ఇంకో 2 నిమిషాలు. మధ్యలో కాస్త పచ్చిగా, జారుడుగా ఉండడం అక్కడివాళ్ళకి ఇష్టం. గలీసియాలో బెతాన్సోస్ అనే ఊళ్ళో అయితే కోస్తే గుడ్డు కారాల్సిందే. గర్భిణులకి, చిన్నపిల్లలకి, వయసు మళ్ళినవాళ్ళకి మాత్రం పూర్తిగా ఉడికించి పెట్టండి.

ఎండాకాలం వంటల్లోకి వద్దాం. అందలూసియా ఎండలు మన ఎండల్లాంటివే, జూలైలో 40 డిగ్రీలు దాటుతాయి. అక్కడ పుట్టింది గస్పాచో. పచ్చి టమాటాల చల్లటి సూప్. పచ్చి అంటే కాయలు కాదు, పండినవే, వండకుండా అని. కిలో టమాటాలకి ఒక క్యాప్సికం, సగం కీరదోసకాయ, ఒక్కటంటే ఒక్క వెల్లుల్లి రెబ్బ, నిన్నటి రొట్టె, అంటే బ్రెడ్డు, 50 గ్రాములు, వెనిగర్ రెండు చెంచాలు, ఉప్పు. మిక్సీలో మెత్తగా తిప్పి, తిరుగుతుండగానే 80 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె సన్నటి ధారగా పోయాలి. చూస్తూ ఉండండి, ఎర్రటి రసం నారింజ రంగుకి తిరుగుతుంది. నూనె కలిసిందనడానికి అదే గుర్తు. ఒక్కసారిగా పోస్తే నూనె పైన తేలుతుంది. వడకట్టి 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఐసు ముక్కలు వేయొద్దు, పల్చబడుతుంది. మన నాటు టమాటాతో చక్కగా వస్తుంది, కానీ దానికి పులుపు ఎక్కువ కాబట్టి వెనిగర్ సగానికి తగ్గించండి. గట్టి తోలు టమాటాతో మాత్రం చేయకండి, వాసనే రాదు.

అమెరికా ఖండం నుంచి టమాటా రాకముందు గస్పాచో ఎలా ఉండేది? రొట్టె, వెల్లుల్లి, నూనె, వెనిగర్, నీళ్ళు. ఆ పాత రూపం మలగా వైపు ఇంకా బతికే ఉంది, అహోబ్లాంకో అంటారు. తోలు తీసిన బాదం 150 గ్రాములు, రొట్టె 100 గ్రాములు, ఒక వెల్లుల్లి రెబ్బ, 100 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, వెనిగర్, అరలీటరు చల్లటి నీళ్ళు. తెల్లగా పాలలా ఉంటుంది, మీద ద్రాక్షపళ్ళు వేసి ఇస్తారు. శాకాహారులు దీన్ని వదులుకోకండి. కోర్దొబాలో సల్మొరేహో ఉంటుంది, అది గస్పాచో కంటే చిక్కన, కానీ మీద ఉడికిన గుడ్డూ పందిమాంసం తునకలూ చల్లుతారు.

ఆ మాట వచ్చింది కాబట్టి శాకాహారులకి గట్టిగా చెప్తున్నాను. అక్కడ ‘మాంసం లేదు’ అంటే చాలామంది దృష్టిలో పెద్ద ముక్కలు లేవని. హమోన్ అనే ఎండబెట్టిన పందితొడ తునకలూ, ట్యూనా చేపా లెక్కలోకి రావు. అందుకని విడివిడిగా అడగాలి. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ అతూన్.’ సిన్ అంటే లేకుండా, కార్నె అంటే మాంసం, పెస్కాదో అంటే చేప, అతూన్ అంటే ట్యూనా. పప్పు కనబడితే సంతోషించకండి, లెంతెహాస్ అనే ఆ పప్పులో తరచుగా చొరీసో ఉంటుంది. కూరగాయల పయేయా అయినా అన్నం ఏ రసంలో ఉడికిందో అడగండి. మయోర్కా ద్వీపం తీపి రొట్టె ఎన్సాయ్‌మాదా పందికొవ్వుతో చేస్తారు, క్రిస్మస్‌కి చేసే మాంతెకాదో బిస్కెట్లూ అంతే. పంది తిననివాళ్ళందరూ ఇది గుర్తుంచుకోవాలి. ధైర్యంగా తినదగ్గవి చెప్తాను. సెవీయాలో పాలకూర, శనగలు కలిపిన కూర, ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్. అందులో జీలకర్ర ఉంటుంది, మన ఇంటి వాసన వస్తుంది. కతలోనియాలో కాల్చిన రొట్టె మీద పండు టమాటా రుద్ది, నూనె, ఉప్పు వేసింది. ఇక పద్రోన్ మిరపకాయలు.

గలీసియా పద్రోన్ మిరపకాయలు మన బజ్జీ మిరపకాయ కంటే చిన్నవి, వేలంత. ఆలివ్ నూనెలో తోలు బొబ్బలెక్కేదాకా వేయించి, గళ్ళుప్పు చల్లుతారు. వాటి మీద అక్కడొక సామెత ఉంది, కొన్ని కారం, కొన్ని కాదు అని. కొరికితే గానీ తెలియదు.

మిరప మాటే ఇంకొంచెం. పయేయాలో వేసిన పిమెంతోన్‌లో మంచిది ఎస్త్రేమదురా ప్రాంతంలో లా వేరా నుంచి వస్తుంది. మన గుంటూరు వైపు కళ్ళాల్లో ఎండబెడతారు. లా వేరాలో కోత వేళకి శరదృతువు వానలు మొదలవుతాయి, ఎండ దొరకదు. అందుకని ఓక్ కట్టెల పొగ మీద, సుమారు రెండు వారాలు, చేత్తో తిరగేస్తూ ఆరబెడతారు. ఆ పొగ వాసనే దాని విలువ. తీపి, చేదుతీపి, కారం అని మూడు రకాలు, మీరు కొనుక్కోవాల్సింది తీపి రకం, దుల్సె. దాని బదులు గుంటూరు కారం చెంచాడు వేస్తే పయేయా తినలేరు. దొరకకపోతే బ్యాడగి పొడి వాడండి, రంగు వస్తుంది, పొగ వాసన మాత్రం రాదు.

హమోన్ గురించి తినేవాళ్ళకి క్లుప్తంగా. ఇబేరికో జాతి పందితొడకి కట్టిన బిళ్ళ రంగు చూడండి. నలుపు అంటే నూరు శాతం ఇబేరికో, చివరి నెలలు ఓక్ కాయలు తిని పెరిగింది. ఎరుపు అంటే ఓక్ కాయలే కానీ సంకర జాతి. ఆకుపచ్చ, తెలుపు ఆ తర్వాతివి. కాగితంలా పల్చగా కోయించుకోండి, ఫ్రిజ్ చలి మీద తినొద్దు, కొవ్వు మెరుస్తున్నప్పుడే రుచి.

చివరిగా చుర్రోస్, నూనెలో వేయించే పొడుగాటి పిండివంట. మన చేగోడీలకి నీళ్ళు మరిగించి పిండి పోస్తాం కదా, సరిగ్గా అదే పద్ధతి, బియ్యప్పిండి బదులు మైదా. 250 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగా మరిగాక 250 గ్రాముల మైదా మీద పోసి, చెక్క గరిటెతో గబగబా కలపాలి. 10 నిమిషాలు ఆరాక గొట్టంలో వేసి నూనెలోకి వత్తాలి. జంతికల గొట్టం పనికొస్తుంది, కానీ నక్షత్రం బిళ్ళే పెట్టండి. గుండ్రటి బిళ్ళ మాత్రం పెట్టొద్దు. ఎందుకో వినండి, ఇది ప్రమాదం సంగతి. నున్నగా, గుండ్రంగా ఉంటే పైన తోలు గట్టిపడి లోపల ఆవిరి చిక్కుకుంటుంది, నూనెలోనే పేలుతుంది. గీతలున్నప్పుడు వేడి సమంగా వెళ్తుంది, ఆవిరికి దారి దొరుకుతుంది. గొట్టంలో పిండి కూరేటప్పుడు గాలి బుడగలు, పొడి పిండి ఉండలు లేకుండా చూసుకోండి, వాటివల్లా పేలతాయి. నూనె బాగా కాగి ఉండాలి, ఒక్కో వాయికి నాలుగైదుకి మించి వేయొద్దు, లేకపోతే నూనె చల్లబడి అవి నూనె తాగేస్తాయి.

మద్రీద్‌లో వీటిని పొద్దున్నే, లేదా సాయంత్రం, చెంచా నిలబడేంత చిక్కటి వేడి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. తీసిన 10 నిమిషాల్లో తినేయాలి, చల్లారితే తోలులా సాగుతాయి. అందుకని చాక్లెట్ ముందు కాచి పెట్టుకుని, ఆ తర్వాతే నూనె పొయ్యి మీద పెట్టండి.